ముడి

నెలల పదిహేను దినాలే పని.
ఆకు రాలేదంటడు, తంబాకు రాలేదంటడు,
కార్ఖాన తలుపుకు తాళం జూపిస్తడు.
చాట గోడకు నిలవెట్టి
నేను మానేరు డ్యాముకు పోత.

వెదురుకట్టె మా పెద్దక్క పెరట్లది.
బెండు, తెగిన స్లిప్పరుల కోసిన ముక్క.
బరువుకు సైకిల్ నట్టు.
జాలాట్ల తడిమట్టి తవ్వి తీసిన ఎర్రలు
పెరుగు డబ్బాల, మూతకు నాలుగు తూట్లు.

బోటు ఎక్కే సిమెంటు దిమ్మె మీద
టికెట్టు కొన్నోళ్ళు నిలబడుతరు.
మేము దాన్ని దాటి, కట్ట రాళ్ళ మీద.
రాయికొక మనిషి.
పట్టా లేదు, పంచాయితి లేదు,
ఎవరి రాయి వాళ్ళకు ఎరుకే.
నాకు దొరికింది వంకరది,
కూసుంటే ఒక కాలు నీళ్ళల్ల, ఒక కాలు ఎండల.

మొదటి దినమే గట్టయ్య అన్నడు:
"అక్కా, నీ చేతులకు తంబాకు వాసన.
చేపలే కాదు, నీళ్ళు గూడ దూరం జరుగుతయి."
ఆటో నడిపే అంకూస్ నవ్విండు,
ఎన్నడు నవ్వని ఖలీల్ భాయి గూడ నవ్విండు.

ఇసుకతోని రుద్దిన. చింతపండుతోని రుద్దిన.
ముప్పై ఏండ్ల వాసన
ఒక్క పొద్దుల పోతదా.
మధ్యాన్నం దాంక బెండు కదల్లే.
ఆఖరికి అదే చేత్తోని ఎర్ర గుచ్చితే
జెల్ల పడ్డది, అరచెయ్యంత,
మీసాలు ఊపుకుంట.
దీనికి బీడీ అలవాటున్నట్టుంది, అన్న.
ఈసారి నేను నవ్విన.

గాలం కట్టుడు మగోళ్ళకు రాదు.
ఐదారు చుట్లు చుట్టి, పండ్లతోని కొరికి,
దేవునికి మొక్కి ఇసురుతరు.
నా వేళ్ళు చూడకుండనే కడుతయి.
దినానికి వెయ్యి బీడీలు, వెయ్యి దారాలు,
చుట్టు, మలుపు, గుంజు, తెంపు.
టీవీ చూసుకుంట, కొట్లాడుకుంట,
పిల్లకు పాలిచ్చుకుంట గూడ కట్టిన వేళ్ళు.
నైలాను జారుతది, ఉమ్మితడి పెట్టాలె,
అంతే తేడా.

ఇప్పుడు పొద్దుగాల్నే నా రాయి కాడ వరుస.
"అక్కా, జర నాది."
"అక్కా, ఇగో, చిన్న గాలం."
నాలుగు వేల కట్టె, చక్రం, నల్లద్దాలు,
గోదావరిఖని నుంచి కారుల వచ్చిన పిలగాడు గూడ
చెయ్యి చాపుతడు.
పైసలు తీసుకోను.
ఎక్కువ పడ్డ దినం ఒక జిలేబి చేప నా సంచిల ఏస్తే
వద్దనను.

మొన్న, గేట్ల దిక్కు పొద్దు వాలంగ
గట్టయ్య కట్టె విల్లయింది.
"బొచ్చె!" "బొచ్చె గాదురా, మొసలి!"
చిక్కువడకుండ అందరు దారాలు పైకి గుంజిండ్రు.
ఖలీల్ భాయి గట్టయ్య నడుం పట్టుకున్నడు.
ఒక్కసారి తోక కనబడ్డది,
తడి గొంగడి దులిపినట్టు చప్పుడు,
అటెన్క కట్టె తేలికైంది.

ఎవలు మాట్లాడలే.
నేను ఎవరి మొఖం చూడలే.
గట్టయ్య దారం మెల్లగ చుట్టుకుంట వచ్చి
కొన నా ముంగట పట్టిండు.
తెగింది నడిమిట్ల. రాతికి ఒరుసుకొని నూగునూగు.
"ముడి ఊడలేదక్కా," అన్నడు,
పంచాయితిల సాక్ష్యం చెప్పినట్టు.

ఆ రాత్రి చేపకూర లేదు, పచ్చిపులుసు.
నిద్ర పట్టలే.
దినానికి వెయ్యి ముడులు, ముప్పై ఏండ్లు,
లెక్క నాకు రాదు, కార్ఖాన పుస్తకంల ఉంటది,
అన్ని ఎవరి పెదవి కాడనో నిప్పయి పోయినయి.
ఏ ఊరోళ్ళు తాగిండ్రో, ఎవరు సగంల పారేసిండ్రో.
ఒక్కటి మాత్రం
ఇప్పుడు మానేరు అడుగున
ఒక చేప దవడకు తగులుకొని తిరుగుతుంది.

పాపమే. నోట్లె ముల్లు పెట్టుకొని అది ఏం తింటదో.
తుప్పు పట్టి ఊడిపోతదని అంకూస్ అంటడు.
గాలం తుప్పు పడుతది, సరే.
ముడి?

తెల్లారి ఫోను. ఆకు వచ్చింది, రమ్మని.
చాట దించిన.
మూడో కట్ట కడుతుంటె గోటి సందుల
జిలేబి పొలుసు ఒకటి మెరిసింది.
తీద్దామని చూసేసరికి లేదు,
ఏ బీడీలనో చుట్టుకపోయింది.
ఎవరో తాగుతరు.
జర నీళ్ళ వాసనొస్తది.