ఈశాన్యం మూల

మా శ్లాబు మీద ఇరవై రెండేళ్లుగా
చువ్వలు నిలబడే ఉన్నాయి.
తుప్పు పట్టకుండా నాన్న తొడిగిన సీసాల్లో
సగం హుద్‌హుద్ గాలికి ఎగిరిపోయాయి.
మిగిలినవి రాత్రిళ్లు గలగలమంటాయి.
ఒక చువ్వకి బట్టల తాడు,
ఒకదానికి కేబుల్ వైరు.
మేడ అనగానే ఇంటిల్లిపాదీ
పైకే చూసేవాళ్లం.

ఈ ఏడు హైమావతి చీటీ పాడింది.
షిప్‌యార్డులో నాకు ఎరియర్స్ వచ్చాయి.
రెండు గదులు, ఒక వరండా,
రేవులో క్రేన్లు కనబడేలా కిటికీ.
నోటుబుక్కు వెనకట్ట మీద
మేడ అప్పటికే కట్టేసుకున్నాం.

సూరప్పడు మేస్త్రి వచ్చాడు గానీ మెట్లెక్కలేదు.
గోడవార గొంతుక్కూర్చుని
చిటికెడు మట్టి నలిపి నాలిక్కి రాసుకున్నాడు.
"ఉప్పు" అన్నాడు.
"మల్కాపురంలో ఈ ఈదంతా ఒకప్పుడు ఏరే బాబూ.
ముందు కింద సూద్దుం.
మేడెక్కడికీ పారిపోదు."

ఒక్కో గొయ్యే తవ్వాడు.
రెండు కాళ్లూ ఒక్కసారి ఎత్తితే
నిలబడగలమా అని అడిగాడు.
దూలాల కింద జాకీలు బిగించాడు.
మొదటి పునాది పరవాలేదు.
రెండోది మనం అనుకున్నంత లోతు లేదు.
మూడోదాని చువ్వని గోటితో గీరితే
ఉల్లిపొరల్లా రాలింది.

నాలుగోది, ఈశాన్యం మూల.
గడ్డపార ఎత్తగానే
వెనక నించి అమ్మ,
"అదలా వొగ్గీ సూరప్పా" అంది.

నాకు నవ్వొచ్చింది.
ఆ మూల బీరువా పెట్టనివ్వదు,
బియ్యం డ్రమ్ము పెట్టనివ్వదు.
మా పెళ్లినాటి ఇనప మంచం
అవతలి గోడకి జరిపించింది.
తుఫాను రాత్రి ఇరుగు పొరుగుతో కలిపి
పదకొండు మందిమి
ఎదుటి మూలలో ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం తెల్లార్చాం,
ఈ మూల ఖాళీగా ఉండగా.
ఈశాన్యం తేలిగ్గా ఉండాలండీ, వాస్తు,
అని వచ్చినవాళ్లందరికీ నేనే చెప్పేవాణ్ణి.

"వాస్తు కాదురా" అంది సన్యాసమ్మ, మా అమ్మ.
"సిమెంటు సాల్నేదు."

నాలుగో గోతికొచ్చేసరికి
మూడు బస్తాలే మిగిలాయట.
ఇసకా అయిపోయిందట.
నాన్న నైట్ డ్యూటీలో ఉన్నాడు.
తెల్లారితే పనివాళ్లు ఇంకో చోటికి పోతారు.
తట్ట నెత్తిన పెట్టుకుని
ఒడ్డు ఇసక మోసుకొచ్చి
లాంతరు వెలుగులో తనే కలిపి పోయించింది.
"మీ నాయనికి సెప్పనేదు.
సెప్తే మళ్లీ అప్పు సేసీవోడు."

ఇన్నేళ్లూ
ఆవిడ నిద్రలో కూడా
ఆ స్తంభానికి చెవొగ్గి పడుకుంది.

మేస్త్రి ఏమీ అనలేదు.
గోతిలోకి దిగి ఉలితో తడుతుంటే
పెచ్చు ఊడి ఒక గవ్వ బయటపడింది.
చొక్కాకి తుడిచి అమ్మ చేతిలో పెట్టాడు.
"ఇంతకాలం ఆగింది కదప్పా" అన్నాడు.

పాతదాన్ని పెకలించలేదు.
ఒళ్లంతా గాట్లు పెట్టి,
బెజ్జాల్లో మందు పోసి చువ్వలు గుచ్చి,
చుట్టూ రింగుల పంజరం అల్లి,
మంచి నీళ్లతో, మంచి ఇసకతో
కొత్త కాంక్రీటు పాతదాన్ని కావిలించుకునేలా పోశాడు.
మూడు వారాలు తడి గోనెలు కప్పాం.
పసిపిల్ల జ్వరానికి గుడ్డ మార్చినట్టు
అమ్మ పూటపూటా తడిపింది.

చీటీ డబ్బంతా మట్టిలోకి వెళ్లిపోయింది.
ఎదురింటి లింగరాజు శ్లాబు మీదికి చూసి
"ఏటి కట్టేరు?" అంటే
హైమావతి కాలి బొటనవేలితో
నేల చూపించింది.
మేడ వచ్చే ఏడో, ఆపై ఏడో.

నిన్న రాత్రి చప్పుడైతే కళ్లు తెరిచాను.
చీకట్లో అమ్మ
బియ్యం డ్రమ్ము ఈడుస్తోంది.
ఒక జానెడు. ఆగి విని, మరో జానెడు.
సాయం వెళ్లబోతే హైమావతి నా చెయ్యి పట్టుకుంది.
రేవులో ఏదో ఓడ కూసింది.
పైన సీసాలు గలగలమన్నాయి.
డ్రమ్ము మూలకి చేరింది.
దాని మీద చెయ్యేసి
అమ్మ ఇంకా వింటూనే ఉంది.