హత్తా కప్ప, పన్నెండో రాత్రి

రాత్రి రెండు గొట్టంగ హత్తా వాగుల
టార్చి నాది, సంచి మేడంది.
రాయి కింద రాయి లెక్కనే గోదురుకప్ప.
తడిగుడ్డల చుట్టి, దుబాయ్ దాకా
ఏసీ బంద్ చేసి బండి నడిపిన.

ఇప్పుడు గాజుతొట్టిల ఉన్నది. రాసే పని నాది.
సోమవారం: మూడు బొద్దింకలు.
మంగళవారం: కదల్లే.
బుధవారం ఇసుకలకు వెనకకు వెనకకు దిగి
కండ్లు గూడ దాసుకున్నది.
ఆ తర్వాత అన్నీ ఖాళీ గీతలే.

మా ఊర్ల కాలం కాకుంటే రోకలికి కప్పను కట్టి
ఇంటింటికి నీళ్లు పోయించుకున్నోళ్లం.
ఒక కొన మోసింది నేనే,
మొగులు దిక్కే చూసిన,
కప్ప దిక్కు చూడలే.

పన్నెండో రాత్రి
స్ప్రే సీసతోని సన్నగ కొట్టిన.
ఇసుక ఉబ్బింది.
ముందుగాల ఒక కన్ను.

బుక్కుల "వాన" అని రాసి, కొట్టేసి,
"నీళ్లు, ఇరవై మిల్లీలీటర్లు" అని రాసిన.