పొట్టు రాలని చెమట

వాల్దివియా ఊరి చివర, నది మలుపులో
మా కోతమిల్లు.
జూన్‌లో వాన పట్టుకుంటే
రేకుల మీద చప్పుడు సెప్టెంబరు దాకా వదలదు.

ముప్పై ఏళ్లుగా ఇక్కడ లెక్కలు రాస్తున్నాను.
కరెంటు బిల్లులో ఒక వరస మాత్రం
ఎన్నడూ కొరుకుడు పడలేదు:
వాడుకోని కరెంటుకి జరిమానా!
కొనని సరుకుకి సుంకం కట్టడం ఇక్కడే చూశాను.

ఎదువీనా కాత్రిలేవో వచ్చింది,
తడి గొడుగు తలుపుకి ఆనించి
పెద్ద మోటారు ఉత్తగా తిప్పమంది,
కలప పెట్టొద్దంది.
ఆంపియర్ల ముల్లు నలభై దగ్గర నిలబడింది.
వాట్ల ముల్లు
లేచిందా లేదా అన్నట్టు లేచింది.
వీధి నుంచి వచ్చే తీగకి చేతి మండ ఆనించి
"గోరువెచ్చగా ఉంది, చూడు" అంది.

"ఇంతకీ ఏం పని చేసినట్టు?"
"ఏమీ లేదు. అప్పు తెచ్చుకుంది, తీర్చేసింది,
సెకనుకి వందసార్లు."
"తీర్చేస్తే ఇంకేం?"
"దారి అరిగింది కదా."

బల్ల మీది పొట్టులో వేలితో రెండు అలలు గీసింది,
ఒకదాని వెనక ఒకటి.
నా ముఖం చూసి చెరిపేసింది.

"మా తాతా, ఆయన తమ్ముడూ
రెండు పిడుల రంపంతో మానులు కోసేవాళ్లు.
తమ్ముడికి చెవుడు. తాత కేక వినపడదు,
అర లిప్త ఆలస్యంగా లాగేవాడు.
చెమట ఇద్దరికీ సమానమే,
పొట్టు మాత్రం సగం."
"బలం చాలదా?"
"ఎద్దులాంటి మనిషి.
బలం వేరు, వేళ వేరు."

మధ్యాహ్నానికి గోడకి
ఆరు బూడిదరంగు డబ్బాలు బిగించింది.
మోటారు ఎంత వెనకబడితే
అవి అంత ముందుకు ఉరుకుతాయట.
ఇక అప్పు వీధి దాకా పోదు,
ఇంట్లోనే చేబదులు.
మీట వేసింది.
నలభై కాస్తా పదమూడుకి జారింది.

యజమాని దోన్ ఎర్మోహెనెస్ టోపీ వెనక్కి నెట్టి
"రేపట్నుంచి పలకలు ఎక్కువొస్తాయా?" అన్నాడు.
"రావు. అదే రంపం, అంతే పొట్టు."
ఆయన ముఖం వాడింది.
డబ్బాల ఖరీదు మళ్లీ అడిగాడు.

గొడుగు తీసుకుంటుంటే నేనే ఆపాను:
"ఆ చెవిటాయన్ని ఏం చేశారు?"

"ఏం చేస్తారు?
మా నానమ్మ దుంగ పక్కనే కూర్చుని
ఆయన లాగాల్సిన క్షణానికి
కాస్త ముందే
వీపు మీద తట్టేది."

ఆమె వెళ్లాక
తీగ దగ్గరికి నడిచాను.
చేతి మండే ఆనించాను, ఆమెలాగా.