రివర్స్ బటన్

టొలీడోలో డిసెంబర్. షెడ్డులో కిరోసిన్ హీటర్
ఒక్క మోకాలినే వెచ్చబెడుతుంది.
స్టీరింగ్ నడిబొడ్డున ఐదు బటన్లు.
యాభై ఎనిమిదిలో ఎవరికి పుట్టిందో ఈ బుద్ధి,
హారన్ ఉండాల్సిన చోట గేర్లు పెట్టాలని!

నాలుగు చెప్పినట్టు వింటున్నాయి.
ఆర్ నొక్కితే మాత్రం
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇర్మా వైరింగ్ పటం చదువుతోంది,
కళ్ళద్దాల పైనుంచి నన్ను చూస్తూ:
"ఆకుపచ్చ తీగ, లెస్టర్, ఆకుపచ్చ!
నీ చేతిలో ఉన్నది గోధుమరంగు."
నాకు రెండూ ఒకటే.
నలభై ఏళ్ళుగా నా మేజోళ్ళు కూడా
ఆవిడే జత కలుపుతోంది.

స్టీరింగ్ విప్పితే లోపల ఇత్తడి రింగులు,
వాటి మీద ఎన్నాళ్ళదో చిలుము.
పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దాను,
మూడోది తోమిన చెంబులా
నా ముక్కును నాకే చూపించేదాకా.

ఇంజన్ వేసి నొక్కాను.
కింద చిన్న మోటారు మూలిగింది, ఆగింది,
ఏదో గుర్తు తెచ్చుకుంది:
టక్.

బ్రేకు వెతుక్కునేలోగా బండి
చెత్తడబ్బాని, పక్కింటి క్లైడ్ మంచుపారని
పడదోసుకుంటూ వెనక్కి వెనక్కి
వీధిలో కొచ్చి నిలబడింది, పెళ్ళికూతురిలా.

ఇర్మా పటం నాలుగు మడతలు పెట్టి
"బాగుంది, ఇక లోపలికి తీసుకురా" అంది.

డి నొక్కాను.

మళ్ళీ నొక్కాను.