మూత కింది వాన

పగలంత నా పని కారేదాన్ని పట్టుకునుడే.
షుఐబా ప్లాంటుల పైపుకు ప్రెషరెక్కించి
అతుకు మీద సబ్బు నురుగు పూస్త.
బుడగ లేస్తే చాక్‌పీసుతోని సున్నా చుడత.
పద్నాలుగేండ్లల్ల ఒక్క సున్నా తప్పు పోలే.

రాత్రి మహబూలాల, ఆరుగురం పండే అర్రల
నా బకీటే నన్ను ఓడగొడుతున్నది.

ఇరవై లీటర్ల పెయింటు బకీటు.
మూతకు పన్నెండు తూట్లు.
తెగిన హవాయి చెప్పును బిళ్ళలు బిళ్ళలు కోసి
బిళ్ళకో గాటు పెట్టి
గాటుకో గోంగూర పుల్ల చెక్కిన.
శుక్రవారం సంతల కొన్న చేపలతొట్టి మోటరు,
బేరమాడితే దీనారున్నర,
లోపల కూసోని వాన కురిపిస్తది.
మన్ను లేదు, ఎండ లేదు.
రాత్రీ పగలూ వాన ఒక్కటే.

పుల్లలు సుబ్బరత్నమ్మవి.
రాజంపేట మనిషి, అరబ్బీ ఇంట్ల వంట.
మిద్దె మీద పెంచిన చెట్టు ఆకు దూసి
పచ్చడి నూరి డబ్బా చేతికిచ్చి
"పుల్లలేం జేసుకుంటావు నాయనా,
ఈడ కట్టెల పొయ్యి గూడా లేదే" అని నవ్వింది.

బకీటు అల్మారా మీద.
అల్మారాకు ఆనుకోని మంచాలు. పైన నేను, కింద భూమేశ్.
మొదటి రాత్రి మూడింటికి
ఒక సుక్క పోయి భూమేశ్ చెవుల పడ్డది.
ఏమనలేదు.
దిండు కాళ్ళ దిక్కుకు మార్చుకున్నడు.

తెల్లారి టేపు చుట్టిన.
ఆ మర్నాడు సిలికాన్.
అర్రంత పుల్లటి వాసన.
ఆరేదాక ముట్టద్దని అందరికి చెప్పి
నేనే ముట్టి చూసిన.
నాలుగో రాత్రి మళ్ళ, టప్పుమని.
భూమేశ్ తల ఇప్పుడు అటు లేదు గని
ఆ చప్పుడు నా తలల పడ్డది.

బాత్రూంల బకీటు బోర్లేసి
సబ్బు పూసి చూసిన. ఒక్క బుడగ లేవలే.
చిల్లు లేదు.
కారుడు ఉన్నది.

సెలవునాడు మోటరు తిప్పి
సెల్లు లైటేసుకోని
కలుగు ముంగట పిల్లి లెక్క కూసున్న.
గంటకు కనబడ్డది.

మోటరు వైరు పట్టుకోని నీళ్ళు పైకి పాకుతున్నయ్.
మూత అంచు దాటి
ప్లగ్గుకు జానెడు దూరంల
గేటుపాసు ఉన్నోని తీరు
నిమ్మళంగ నడుస్తున్నయ్.
ప్రెషర్ లేని నీళ్ళు. గేజీకి చిక్కని నీళ్ళు.
ఇన్నేండ్లు నేను తోసుకొచ్చేదాన్నే వెతికిన.
మెల్లగ పాకేదాన్ని
ఎన్నడు అనుమానపడలే.

మిగిలిన చెప్పు రబ్బరు మూత చుట్టు ఇరికించిన.
వైరును బిగుతు సడలించి
దండెం జారినట్టు కిందికి వదిలిన.
సుక్క ఆ వంపు దాక వచ్చింది,
మళ్ళ పైకి ఎక్కలేక
ఆడనే రాలింది. కింద ఒక చాయ్ గ్లాసు పెట్టిన.

గ్లాసు నిండుడు నేనెన్నడు చూడలే.
నీళ్ళు తగ్గుడు కూడ చూడలే.
వారం దినాలకు సమజైంది,
నాలుగింటికి డ్యూటీకి లేచే భూమేశ్
గ్లాసు మళ్ళ బకీట్ల ఒంపి పోతున్నడు.

పదకొండో దినం మూతెత్తితే
చెప్పు బిళ్ళల కింద తెల్లగ, సేమియా పోగుల్లెక్క.
పన్నెండింట్ల ఏడు.
మిగిలినయి నల్లబడి కుళ్ళినయ్, వాసనొచ్చినయ్.
వేరొచ్చినంక వేరు పెట్టాలె,
ఇంట్లయినా బకీట్లయినా.

భూమేశ్‌కు జహ్రా సైటు పడ్డది.
నీళ్ళ సీసా సగానికి కోసి
ఇసుక, ఎరువు కలిపి
రెండు పుల్లలు నాటి చేతుల పెట్టిన.
బస్సు మెట్ల మీద నీళ్ళు పడుతుంటే
డ్రైవరు పష్తోల తిట్టిండు.
భూమేశ్ కిటికీల నుంచి సీసా ఎత్తి చూపెట్టిండు.
"అన్నా, కారుతున్నదే!"

కారనీయ్.
ఆ చిల్లు నేనే పొడిచిన,
మేకు కాల్చి, అడుగున, సరీగ నడుమ.