గురువారం మాత్రమే

రోలరు మీద సిరా ఎండిపోయింది.
నలభై ఆరేళ్లలో ఇదే మొదటిసారి.

ఎండదూ మరి?
పొద్దుటి నుంచీ నేను
కాల్గరీలో ఎవరికో జాబు రాస్తున్నాను:
అమ్మా, దిండు గలీబు మీది నీలం
మీ తెర మీద కనిపించే నీలం కాదు,
అలాగని నా నీలమూ కాదు,
ఎక్కడో ఫ్యాక్టరీవాళ్లు కలిపిన నీలం,
ఆ మాట మీకెలా చెప్పాలో...
చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి

లేచి చూసేసరికి
రబ్బరు మీద పక్కు కట్టిన నలుపు.
గోటితో గీకితే పొరలు పొరలుగా లేచింది,
చెప్పు కరిచిన పుండు మానుతున్నట్టు.

మా అక్క మనవడు మాథిస్ మంచివాడు.
మూడేళ్ల కిందట నా బొమ్మల్ని
కప్పుల మీదికి ఎక్కించాడు,
సంచుల మీదికి, గొడుగుల మీదికి,
కుక్కల మెడపట్టీల మీదికి కూడా.
నేను చెక్కింది తొమ్మిది పడవలు.
అవి నూట నలభై మూడు సరుకులయ్యాయి.
"వ్యాపారమన్నాక పెరగాలి చిన్నమ్మమ్మా" అన్నాడు.
పెరిగింది.
గొరిగేవాడు లేని గడ్డంలా.

డబ్బు వచ్చిందా అంటే, వచ్చింది.
లెక్కలు రాయడానికి ఒకామెను పెట్టుకునేంత,
ఆమెకు ఇచ్చాక మిగలనంత.

డెబ్బై రెండేళ్ల కళ్లకి
రోజుకి మూడు గంటల మంచి వెలుతురు చాలు,
మా తీరంలో చలికాలం అంతకు మించి దొరకదు కూడా.
ఆ మూడింటినీ తెరలో పోశాను,
చిల్లుకుండలో పోసినట్టు.
ఉలులు నూనెగుడ్డ చుట్టుకుని
నాకంటే ముందే రిటైరయ్యాయి.

నిన్న రాత్రి పొగమంచు మెటెగన్ రేవుని మింగేసి
హారను కూత ఒక్కటీ బయట వదిలినప్పుడు
టీ పెట్టుకుని కూర్చున్నాను.
గొడుగు. తీసెయ్.
"నిశ్చయమేనా?" అంది తెర.
నిశ్చయమే.
మెడపట్టీ.
"నిశ్చయమేనా?"
నిశ్చయమే.
పెళ్లినాడు ఫాదర్ కూడా ఒక్కసారే అడిగాడు.
ఇది నూట ముప్ఫై నాలుగు సార్లు అడిగింది
విసుక్కోకుండా,
నేనూ అంత ఓపికగానే జవాబిచ్చాను.
ఒక్కచోట మాత్రం చెయ్యి ఆగింది:
ఎర్ర పడవ ఉన్న కప్పు.
ఆల్ఫే పోయిన ఏడాది
మందులు దాంట్లోనే తాగేవాడు.
దాన్నీ తీసేశాను.
కప్పు ఇంట్లో ఉందిగా.

తెల్లారగానే మాథిస్ ఫోను.
ఇల్లు తగలబడిందని విన్నవాడి గొంతు.
"ఎవరైనా హ్యాక్ చేశారా?"
"నేనేరా."
చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"పోనీ, రోజుకో ఫోటో అయినా పెడతావా?"
"బొమ్మ పుట్టాక పెడతాను.
చూలు నిలవకముందే పేరెందుకు?"

ఇక ఉన్నవి తొమ్మిది.
ఒకటే కొలత, ఒకటే ధర.
ఫ్రేము మీరే కట్టించుకోవాలి.
గురువారం మాత్రమే పోస్టుకి వెళతాను,
ఆ రోజు కిటికీ దగ్గర జెర్వేజ్ ఉంటుంది,
అట్టగొట్టాలకి స్టాంపులు వంకర లేకుండా అంటిస్తుంది,
దాని మోకాలి కబుర్లూ నా మోకాలి కబుర్లూ అయ్యాక
దారి జారకపోతే
నడిచే ఇంటికొస్తాను.

కాల్గరీ ఆమె మళ్లీ రాసింది,
గలీబు కనిపించడం లేదేమిటని.
"ఇక లేదమ్మా."
రెండు మాటలు.
ఈసారి సిరా ఎండలేదు.

మధ్యాహ్నం సముద్రం వెనక్కి తీసింది.
బురదలో పక్కకి ఒరిగిన పడవ ఒకటి,
రంగు పెచ్చులూడి
పేరులో సగమే మిగిలింది.
దాన్ని పలక మీద గీసుకున్నాను.
మొదటి కోత వంకర పోయింది.
రెండోదీ అంతే.
మూడోదానికి, చేతికి ఏదో గుర్తొచ్చినట్టుంది.

ఫోను నా బొటనవేలిని గుర్తుపట్టడం మానేసి
చాలాకాలమైంది.
వేలి గీతలన్నీ ఉలిపిడి అరగదీసింది.
పక్కగదిలో అది మోగుతోంది.
మోగనీ.
ఈవేళ సోమవారం.