ఒక వరుస

మెస్తియాలో మంచు. కుతాయిసిలో
నా గదిలో హీటర్ గురక.
కొండ రక్షణ దళం నుంచి గేలా ఫోన్:
"మంచుచరియల పాత లెక్కలు వెతికితే
జవాబుకి నలభై సెకన్లు, మాక్వాలా.
అంతసేపట్లో కొండే కిందికొచ్చేస్తుంది."

సెర్చ్ సర్వర్‌ని చూశాను. తప్పు దానిది కాదు.
రెప్పపాటులో వెతికి పెడుతోంది.
కాకపోతే జవాబును
పెళ్ళివారి జంబుఖానాలా
లోయ పొడుగునా విప్పి పరుస్తోంది.
మా అక్షరం ఒక్కోటి మూడు బైట్లు,
ద్రాక్షతీగ వంకీలు.
చుట్టి కడితే పదో వంతుకు వస్తాయి.
కట్టడం సర్వర్‌కి వచ్చు.
కంప్రెషన్ ఆన్‌లోనే ఉంది, రెండుసార్లు చూశాను.
మరి ఎందుకు కట్టదు?

అడగలేదు కనుక.
మొహమాటం ఉన్న యంత్రం అది.
"జీజిప్ విప్పడం నాకు వచ్చు" అని
ఎదుటివాడు ఒక్క ముక్క అంటే తప్ప
ముడి వెయ్యదు.

గేలా కంప్యూటర్ ఆ ముక్క అంటూనే ఉంది.
రెండు కొసలా పట్టుకుని చూశాను:
అక్కడ బయలుదేరిన హెడర్లు ఆరు వరుసలు,
ఇక్కడికి చేరినవి ఐదు.

దారిలో జుగ్దిది. జుగ్దిదిలో పాత ప్రాక్సీ.
తెరిస్తే, ఆ ఒక్క వరుసనీ చెరిపేసే ఆజ్ఞ,
దాని నెత్తిన బద్రి రాసుకున్న మాట:
"పై గుడిసెలో మిషన్ ముసలిది.
వచ్చు అంటుంది గానీ రాదు.
దాని పరువు పోకుండా
ఆ మాట నేనే తీసేస్తున్నా."
తేదీ పదకొండేళ్ళ కిందటిది.
బద్రి ఇప్పుడు తేనెటీగలు పెంచుకుంటున్నాడు.

చెరిపేదాన్నే చెరిపేశాను.
నలభై, మూడయింది.
గేలా థాంక్స్ కూడా చెప్పలేదు, పనిలో పడ్డాడు.

టీ కాస్తున్నాను, మళ్ళీ ఫోన్.
ఉష్గూలికి పైన, గుడిసె నుంచి నానూలి:
"తెర నిండా పిచ్చిగీతలమ్మా,
దెయ్యం రాసినట్టు."
ఎలా తియ్యాలో చెప్పి
మొదటి రెండు బైట్లు చదవమన్నాను.
కళ్ళజోడు వెతుక్కుంది.
"ఒకటి, ఎఫ్. ఎనిమిది, బి."

పొయ్యి ఆపేశాను.
అవి ముడి గుర్తులు.
మూట భద్రంగానే చేరింది,
విప్పలేని చేతుల్లోకి.
ఆ ముసలిది ఇంకా బతికే ఉందన్నమాట,
ఇంకా "వచ్చు" అంటూనే ఉందన్నమాట.

బద్రి ఆజ్ఞ మళ్ళీ రాశాను,
ఈసారి ఒక్క చిరునామాకే.
అతని వాక్యం కింద నా పేరు, ఇవాళ్టి తేదీ.
తర్వాత వచ్చేవాళ్ళు దీన్ని చూసి
ఎవరి మూర్ఖత్వమో అనుకోకూడదు కదా,
నేను మధ్యాహ్నం అనుకున్నట్టు.

రాత్రి బద్రికి ఫోన్ చేసి చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"దాని 'న' మీట ఇంకా ఇరుక్కుంటోందా?
నానూలికి తన పేరు రాసుకోవడమే కష్టంగా ఉండేది."

నేను అడగలేదు.
రేపు అడగాలి.